పున్నమ్మ టమాటాలకు తలంబ్రాలు

దుమ్ముగూడెం మండలంలోని సమస్త టమాటా మొక్కలకు తెలియజేయునది ఏమనగా, తొంభైల మొదట్లో ఒక ఆదివారంతో మీ కష్టాలు తీరిపోయాయి. ఎలా తీరాయో చెప్పడం నా విధి.

మా ఊరి పున్నమ్మ మిరపతోట పీకించి, ఆ చోట ప్రభుత్వం వారు ప్లాస్టిక్ పందిరి వేశారు. బయటి గాలి లోపలికి రాదు, లోపలి మాట బయటికి పోదు. అచ్చం ఆఫీసులాగే ఉంది కనుక అధికారులకు వెంటనే నచ్చింది. ఇందులో టమాటా పండితే మండలమంతా ఇలాంటి పందిళ్ళే వేస్తామన్నారు. పండకపోతే సంగతి ఎవరూ ఎత్తలేదు. పున్నమ్మ ఇల్లు ఆ ఏడు గడవాలంటే మాత్రం అదొక్కటే పంట.

మొక్కలు ఏపుగానే పెరిగాయి గాని పూత రాలిపోసాగింది. ఉద్యాన అధికారి వెంకటరామారావు గారు మట్టి పరీక్ష చేయించి, నేలలో బోరాన్ తక్కువైందని తేల్చి, ఆ పోషకం బస్తా తెప్పించారు.

"చిటికెడంతే పున్నమ్మా. నీళ్ళల్ల కలిపి కొడితే పూత నిలుస్తది. ఎక్కువైతే మొక్కే మాడిపోతది" అన్నారు.

"అయితే ఇయ్యాలే కొట్టుండ్రి సారూ" అంది పున్నమ్మ.

ఎంత అమాయకురాలు! ప్రభుత్వ పోషకం ప్రారంభోత్సవం కాకుండా మొక్కను ముట్టుకుంటుందా? ముఖ్య అతిథి గారి తీరిక కోసం మందు బస్తాలోనూ, పూత నేలమీదా ఎదురుచూశాయి.

అతిథి గారు వచ్చారు. చిటికెడు సంగతి విని మండిపడ్డారు.

"చిటికెడా? పేద రైతుకు చిటికెడు విదిలించే ప్రభుత్వమా మనది? దోసిళ్ళతో ఇస్తాం" అన్నారు. చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టాం.

అన్నమాట ప్రకారం ఆయన రెండు దోసిళ్ళు తీసి మొక్కల మీద పోశారు. మేమేమో భద్రాద్రి రాముడి పక్కనుండే వాళ్ళం. తెల్లటి గింజల్లాంటివి దోసిలిలోంచి జారుతుంటే చూస్తూ ఊరుకునే చేతులు కావు మావి. ఎవరో పళ్ళెం తెచ్చారు, ఎవరో పసుపు కలిపారు. తర్వాతి దోసిలి ఎవరిదన్న దానిమీద వేదిక మీద కాసేపు తోపులాట జరిగి, చివరికి అందరూ ఒక్కసారే పోశారు. వేదిక కింది వాళ్ళం మాత్రం ఏం పాపం చేశాం? మేమూ పోశాం.

"చాలు సారూ, మాడిపోతయ్" అంటూ పున్నమ్మ అడ్డం వచ్చింది.

"ఊకో, పెద్దలు పోస్తున్నరు" అన్నాడు ఆమె భర్త చెంచురామయ్య. దోసిలి నింపుకుని తన వంతు కోసం నిలబడ్డాడు మరి.

వెంకటరామారావు గారు చెప్పబోయి నోరు తెరిచారు. అతిథి గారు ఇటు చూశారు. తెరిచిన నోటితోనే ఆయన నవ్వి, తానూ ఒక దోసిలి పోశారు. ప్రభుత్వోద్యోగికి అంతకు మించిన ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది, పాపం.

భద్రాచలం నుంచి వచ్చిన ఫొటోగ్రాఫర్ అబ్దుల్ సత్తార్ మాత్రం విసుక్కున్నాడు. "జర ఆ చెట్టును పక్కకు వంచుండ్రి. సార్ మొహం పడుతలేదు."

వంచారు.

వారం తిరగకుండా ఆకుల అంచులు మాడాయి, తర్వాత ఆకులు, తర్వాత మొక్కలు. 'మొక్కలు పోషకములను సంపూర్ణముగా స్వీకరించినవి' అని పైకి నివేదిక వెళ్ళింది. అందులో అబద్ధం ఒక్కక్షరం లేదు. మా ఊరికీ పందిరి కావాలని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు దరఖాస్తులు పెట్టుకున్నారు.

ఫొటో పేపర్లో పడింది. టీకొట్టు దగ్గర అందరం చేరి ఏ చెయ్యి ఎవరిదో పోల్చుకుంటున్నాం. పున్నమ్మ వచ్చి చాలాసేపు చూసింది.

"అందరు మంచిగనే పడ్డరు. నా చెట్టు ఒక్కటన్న పడలే" అంది. "ఈ ఏడు మేమేం తినాలె?"

మేం మళ్ళీ పేపరు మీదికి వంగాం. ఆ మూలనున్న మోచెయ్యి నాదా, మా బావమరిదిదా అన్నది ఇంకా తేలలేదు.

ఆ పేపరు మీ ఇంటికీ వచ్చే ఉంటుంది. మీవాళ్ళెవరైనా పడ్డారేమోనని వెతికి, పేజీ తిప్పేసి ఉంటారు.