కేబినెట్ పరిశీలన నివేదిక

మా ఇంటికి కంప్యూటర్ కావాలన్నది మా ఆవిడ లోవలక్ష్మి ఆలోచన. దాన్ని ఇంట్లో నేనే బిగిస్తానన్నది నా ఆలోచన. ఇద్దరిలో తెలివైనవారెవరో అప్పుడే తేల్చేయకండి.

ఆవిడ పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతుంది. చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు రోజూ నర్సీపట్నం దాకా రాలేకపోతున్నారని ఆన్‌లైన్‌లో క్లాసు పెట్టింది. ఇరవై ఇద్దరు చేరారు. మొదటి క్లాసు సోమవారం ఉదయం పదింటికని నెల ముందే తల్లిదండ్రులందరికీ మాటిచ్చేసింది. సామాను కొని బజార్లో చిట్టిరాజు కొట్లో ఇస్తే గంటలో బిగించి ఇస్తాడని నాకూ చెప్పింది. నాలుగు స్క్రూలు తిప్పడానికి చిట్టిరాజెందుకని నేను నవ్వాను. ఆ నవ్వుకు నేను చెల్లించుకున్న మూల్యమే ఈ కథ.

మదర్‌బోర్డూ మిగతా సరుకూ అట్టపెట్టెల్లో వచ్చాయి. వాటిని బీరువా మీద పెట్టాను. ఇవన్నీ కూర్చునే ఇనుప డబ్బాని కేబినెట్ అంటారు. అన్నిటికన్నా చవకైనదీ అన్నిటికన్నా ఎక్కువ లైట్లున్నదీ ఏరి మరీ తెప్పించాను. ఓ పక్కంతా అద్దం, ముందు జల్లెడలాంటి తలుపు, మూడు ఫ్యాన్లు, ఫ్యాన్లకి ఏడు రంగులు.

"లెక్కలు సెప్పడానికి ఈ రికార్డింగ్ డాన్సు లైట్లేటికండీ?" అంది లోవలక్ష్మి.

గాలి ఆడటానికన్నాను. లైట్లకీ గాలికీ సంబంధమేమిటని ఆవిడ అడగలేదు. ఆవిడ అడగకపోతేనే భయపడాలని పెళ్లయి పదిహేడేళ్లయినా నాకు తెలిసిరాలేదు.

మీ దగ్గర దాచడమెందుకు, మదర్‌బోర్డు బిగించడం నాకు రాదు. వీడియో చూస్తున్నంతసేపూ వచ్చినట్టే ఉంది. పెట్టె విప్పి, లోపలున్నది చూసి, మళ్లీ మెల్లగా మూసేశాను. ఆ ముక్క ఒప్పుకోవడానికి నోరు రాక, రోలుగుంటలో మా ఆఫీసులో ఇరవయ్యేళ్లుగా చేస్తున్న పనే ఇంట్లోనూ మొదలుపెట్టాను. ఫైలు తేల్చడం చేతకానప్పుడు నేను దాన్ని పరిశీలనలో పెడతాను.

విషయము, సూచిక అన్నీ పెట్టి తెల్లకాగితాల మీద నివేదిక రాయసాగాను. మొదటి వారం షీటు మందం పరిశీలించాను. అంచు తగిలి వేలు తెగితే, అంచులు తీర్చిదిద్దినట్టున్నవని రాశాను. రెండో వారం కింద రబ్బరు కాళ్లు లెక్కపెట్టాను. నాలుగింటికి మూడే ఉన్నాయి. ఉన్న మూడూ దృఢముగా ఉన్నవని రాశాను. మూడో వారం నాటికి పదకొండు పేజీలైంది. డబ్బాలో మాత్రం ఒక్క ముక్కా పడలేదు.

"డబ్బా ఎప్పుడు పలుకుద్దండీ?" అని కాఫీ ఇచ్చినప్పుడల్లా ఆవిడ అడిగేది.

"పరిశీలనలో ఉంది."

"సోమారం పదింటికి క్లాసండీ. బేగి తెమల్చండి."

సోమవారం రానే వచ్చింది. సెలవు పెట్టి కూర్చున్నాను. తొమ్మిదిన్నరకు, ఇంకే దారీ లేక, పొగ పరీక్ష పెట్టాను. కేబినెట్‌ని హాల్లో పీట మీద పెట్టి, ఫ్యాన్లకు విడిగా ఓ అడాప్టర్ తగిలించి, గాలి ఎటు పోతోందో చూడటానికి అగరబత్తి వెలిగించి జల్లెడ ముందు పట్టుకున్నాను.

సరిగ్గా అప్పుడే మా అమ్మ వెంకటరత్నమ్మ పెరట్లోంచి వచ్చింది. పీట చూసింది, అగరబత్తి చూసింది, తిరుగుతున్న రంగులు చూసి దణ్ణం పెట్టుకుంది.

"కొత్త మిషను ఇంటికొచ్చి మూడు వారాలైతే ఇప్పుడా పూజ సేత్తన్నావు? బొట్టేదిరా?" అంది.

నేను కాదనలేదు. పూజ అంటే ఎలాగూ గంట పడుతుంది. అమ్మ అద్దానికి పసుపు రాసి బొట్లు పెట్టి, కొబ్బరికాయ తెచ్చింది. కాయ కొట్టే రాయి పెరట్లో ఉంది. అంత దూరం ఎవరు వెళ్తారని కేబినెట్ మూలకేసి కొట్టింది.

కాయ పగల్లేదు. కేబినెట్ మూల లోపలికి పోయింది. రెండో దెబ్బకు కాయ పగిలి, నీళ్లన్నీ పైనున్న చిల్లుల్లోంచి దిగాయి. ఫ్యాన్లు వాటిని హాలంతా సమానంగా చల్లాయి. అమ్మ తీర్థమని తలకు రాసుకుంది.

నిజం చెప్పొద్దూ, నాకు ప్రాణం లేచొచ్చింది. తప్పు నాది కాదు, కొబ్బరికాయది. మొహం వీలైనంత దిగులుగా పెట్టుకుని, ఈ వేళకి క్లాసు లేదని చెప్పడానికి లోపలి గదిలోకి వెళ్లాను.

లోపల లోవలక్ష్మి చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని త్రికోణాలు చెబుతోంది. తెర మీద ఇరవై రెండు మొహాలు. పక్కనే స్టూలు మీద లైట్లూ అద్దాలూ లేని నల్లటి పాత కేబినెట్ ఒకటి బుద్ధిగా పనిచేసుకుంటోంది. ఇన్నాళ్లూ దాని మీద కప్పి ఉంచిన దుప్పటి మంచం మీద ఉంది. ఇస్త్రీ బట్టల మూటనుకుని పదిహేను రోజులుగా నేను స్కూటర్ తాళాలు పెడుతున్నది దాని మీదే.

ఆవిడ మైకు ఆపింది. "మన సామానే సిట్టిరాజు గారు ఆయన పాత డబ్బాలో బిగించిచ్చి పదిహేను రోజులైందండీ."

మరి బీరువా మీద పెట్టెల్లో ఏముందని అడిగాను. రోజూ వాటి దుమ్ము నేనే తుడుస్తున్నాను.

"కందిపప్పు. మీరు మూత తియ్యరని తెలుసు." మళ్లీ మైకు నొక్కబోయి ఆగింది. "నాకు రాదు అని ఒక్క మాటంటే ఆ రోజే సెప్పేద్దును. మీరేమో పేజీలకి పేజీలు రాసుకుంటన్నారు."

నాకు సిగ్గేసింది. కోపం తెచ్చుకుందామని చూశాను గానీ, అదీ సరిగ్గా రాలేదు.

ఇప్పుడు నా కేబినెట్ హాల్లోనే ఉంది. అద్దమూ లైట్లూ ఉన్నాయని అమ్మ అందులో దేవుడి పటాలు పెట్టుకుంది. గాలి ప్రసారము అద్భుతమని నేను నివేదికలో రాసిన మాట అక్షరాలా నిజం. దీపం ఐదు నిమిషాలు కూడా నిలవడం లేదు.

నిన్న అమ్మ మూడోసారి దీపం వెలిగించుకుంటుంటే లోవలక్ష్మి నా వైపు తిరిగింది.

"ఆ ఫ్యాను వైరు పీకడం వచ్చాండీ, సిట్టిరాజు గారిని పిలవమంటారా?"

పరిశీలిస్తానన్నాను.