మూడు ప్రతుల్లో ఒక ప్రశ్న

"ఈ క్షణం నుంచి ప్రపంచంలోని సమస్త విజ్ఞానమూ మన బడి ఆవరణలోనే నివసిస్తుంది! ఇకమీదట మన పిల్లలకు తెలియనిదంటూ ఏదీ ఉండబోదు. ఒకవేళ ఉంటే, అది విజ్ఞానమే కాదు!" అని ప్రధానోపాధ్యాయుడు మైకులో ప్రకటించారు.

మైకు కుయ్యిమంది. చప్పట్లు మోగాయి. వెనక గోడకు ఆనుకుని, చేతిలో తాళాల గుత్తితో నిలబడ్డ తాళాలమ్మకు మాత్రం గుండె దడదడలాడింది. చప్పట్లు వింటే ఆమెకు ఎప్పుడూ అంతే. ఆ బడిలో చప్పట్లు ఎక్కువగా మోగేది వీడ్కోలు సభల్లోనే. ముప్పై నాలుగేళ్ళుగా వచ్చిన వాళ్ళందరూ వెళ్ళడం చూసింది. వెళ్ళే ప్రతి ఒక్కరూ "మళ్ళీ వస్తాను, తాళాలమ్మా" అన్నవాళ్ళే. ఒక్కరూ రాలేదు. ఈ నెలాఖరుకు మోగబోయే చప్పట్లు ఆమెవి.

తాళాలమ్మ ఆ బడి ఆయా. పొద్దున్నే గదులు తెరవడం, తుడవడం, సాయంత్రం మళ్ళీ తాళాలు వెయ్యడం ఆమె పని. చదువు ఎవరూ నేర్పలేదు. అందరూ వెళ్ళాక నల్లబల్లలు తుడిచేది కదా, బల్ల మీద ఉన్నది ఏమిటో తెలియకుండా చెరిపెయ్యడానికి ఆమెకు ప్రాణం ఒప్పేది కాదు. కూడబలుక్కుని చదివేది, తర్వాత చెరిపేది. అలా ఆమె చదువంతా చెరిపేసిన చదువే! సుద్దపొడి మాత్రం కొంగుకు మిగిలేది. ఈ సంగతి బడిలో ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు గనక ఆమె చెప్పలేదు.

ఆమెకు మాత్రం అడగాలని ఒక ప్రశ్న ఉండేది. మూడో నంబరు గది ముందు, వరండా చూరు కింద, తోక చీలిన పిట్టలు మట్టితో గూడు కట్టేవి. మెడ దగ్గర ఇటుకరంగు మచ్చ. ఏటా వచ్చేవి, పిల్లల్ని పెంచేవి, ఒక పొద్దున చెప్పాపెట్టకుండా మాయమయ్యేవి. ఎక్కడికి పోతాయి? పోయినవి మళ్ళీ వస్తున్నాయా, లేక వచ్చేవి వేరే పిట్టలా?

సైన్సు మాస్టారిని అడిగితే, "ఎక్కడికి పోతాయన్నది భూగోళం కిందికి వస్తుంది," అన్నారు. భూగోళం టీచరమ్మను అడిగితే, "పిట్టలు సైన్సు కిందికి వస్తాయి కదమ్మా," అన్నది. వ్యాయామం మాస్టారు ఒక్కడే సూటిగా జవాబిచ్చాడు. "అది సిలబస్‌లో లేదు!" అన్నాడు.

అలాంటి తాళాలమ్మ గుండెల్లో ఆశ పుట్టింది ఈ సభ రోజు పొద్దునే.

మూడో నంబరు గదిలో పన్నెండు కంప్యూటర్లు ఉండేవి. వచ్చి ఆరేళ్ళయింది. వాటి మీద పన్నెండు గుడ్డ ముసుగులు. ప్రతి శనివారం తాళాలమ్మ ముసుగులు ఉతికి, ఆరేసి, మళ్ళీ కప్పేది. ఆ గదిలో పని చేసి పాతబడినవి ముసుగులు మాత్రమే. ఇంటర్నెట్ లేదు కాబట్టి కంప్యూటర్లు తెరవరాదని ఒక ఉత్తర్వు, ఇంటర్నెట్ వస్తే పిల్లలు చెడిపోతారు కాబట్టి తెప్పించరాదని ఇంకో ఉత్తర్వు, రెండూ ఒకే మేకుకు వేలాడేవి.

ఆ పొద్దున ఇద్దరు స్వచ్ఛంద కార్యకర్తలు వచ్చారు. ఒక కళ్ళద్దాల అమ్మాయి, ఒక పొడుగాటి అబ్బాయి. చిన్న అట్టపెట్టెలోంచి అరచేతి మందం డిస్కు తీసి, ఒక్కో కంప్యూటరుకూ తగిలించి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. విజ్ఞాన సర్వస్వం మొత్తం, బొమ్మలతో సహా, అన్నిటిలోకీ ఎక్కించారు. ఖాళీ అయిన పెట్టెలో అమ్మాయి తన అన్నం డబ్బా పెట్టుకుంది, చీమలు పట్టకుండా.

"అమ్మమ్మా, ఇదిగో ఈ పుస్తకం బొమ్మ మీద రెండుసార్లు టకటకా నొక్కితే చాలు. నెట్ అక్కర్లేదు. ఎవరైనా చదువుకోవచ్చు," అంది అమ్మాయి.

"ఎవరైనా అంటే? ఉత్తర్వు ఉండాలేమో?"

"వేలు ఉంటే చాలు అమ్మమ్మా!"

అప్పుడే ప్రధానోపాధ్యాయుడు వచ్చారు. ఆయనకు ఒక మంచి గుణం ఉంది. ఎదుటివాళ్ళను మాట పూర్తి చేసే కష్టం పెట్టరు.

"సార్, అన్నిటిలోనూ ఎక్కించాం. ఎలా వాడాలో మీ టీచర్లకు ఒక్క గంట చూపిస్తే..."

"తెలుసమ్మా, తెలుసు. సభ అయ్యాక చూద్దాం. ముందు ఫోటోకి నేను చేత్తో ఏం పట్టుకోవాలి? విజ్ఞానం అనేది కనపడాలి కదా! ఆ పెట్టె ఇలా ఇవ్వు."

"సార్, దాంట్లో నా..."

"తెలుసు, తెలుసు!"

పెట్టెకు ఎర్ర రిబ్బను కట్టారు. వేదిక మీద ఆయన దాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నారు. ఉపన్యాసాలు చివరి గంట కొట్టేదాకా సాగాయి. ఒక్క గంట చూపించడానికి ఒక్క గంటా మిగల్లేదు. ఇంకో బడికి వేళవుతోందని కార్యకర్తలు డిస్కు తీసుకుని పరుగెత్తారు. అమ్మాయి అన్నం మాత్రం బీరువాలోకి వెళ్ళింది, లక్క ముద్రతో సహా. తాళాలమ్మ తన డబ్బాలోది సగం ఆ పిల్లకు గేటు దగ్గర తినిపించి పంపింది.

మర్నాడు ఆమె ప్రధానోపాధ్యాయుడి గదికి వెళ్ళింది.

"అయ్యా, ఆ పెట్టెలో..."

"తెలుసు తాళాలమ్మా. చాలా విలువైనది. బీరువా దగ్గరికి ఎవరినీ రానివ్వకు."

"అది కాదయ్యా, అందులో ఉన్నది..."

"నాకు తెలియదా ఏమిటి? వెళ్ళు, వెళ్ళు."

వరండాలోకి వచ్చాక ఆమె ఆలోచించింది. ఈయన పెట్టెలో విజ్ఞానం ఉందని నమ్మినంత కాలం పెట్టెకే కాపలా. అది కంప్యూటర్లలో ఉందని తెలిసిన మరుక్షణం మూడో నంబరు గదికి లక్క ముద్ర పడుతుంది! తన చేతిలో ఉన్నది ఇరవై ఆరు రోజులు. భయస్తురాలే, అబద్ధమంటే చెమటలు పట్టే మనిషే. కానీ చెప్పబోతే వినని మనిషికి చెప్పకపోవడం అబద్ధమెలా అవుతుంది? రెండుసార్లు చెప్పబోయింది కూడాను!

ఇంతలో విజ్ఞాన వినియోగ నిబంధనలు గోడకెక్కాయి. ప్రశ్న గల విద్యార్థి ఆ ప్రశ్నను మూడు ప్రతుల్లో రాయవలెను. తరగతి ఉపాధ్యాయుడు ఆ ప్రశ్న అవసరమేనని ధ్రువీకరించవలెను. జవాబు ఎవరికైనా ముందే తెలిసి ఉన్నచో ప్రశ్న చెల్లదు. ఎవరికీ తెలియనిచో అది సిలబస్‌లో లేనట్టే గనక చెల్లదు!

ఏదేమైనా దొడ్డిదారి తొక్కడం ఇష్టం లేక, తాళాలమ్మ కూడా మొదట మూడు ప్రతులు రాసి ఇచ్చింది. "చూరు కింది పిట్టలు ఏటా ఎక్కడికి పోతాయి?" ఏ మనవరాలి చేతో రాయించి ఉంటుందనుకున్నాడు పెద్ద గుమాస్తా. నాలుగో రోజుకు కాగితం తిరిగొచ్చింది. "అర్జీదారు విద్యార్థి కాదు. పిట్టలు బడి ఉద్యోగులు కావు. కావున వాటి రాకపోకలు ఈ కార్యాలయ పరిధిలోకి రావు."

ఇక ఆమె ఊరుకోలేదు.

బస్సు ఏడున్నరకే పిల్లల్ని దింపి వెళ్ళేది. బడి ఎనిమిదిన్నరకు. ఆ గంటలో తాళాలమ్మ మూడో నంబరు గది దులపాలి. దులుపుతూ ఒక ముసుగు తీసి, కంప్యూటరు మీట వేసింది. పుస్తకం బొమ్మ మీద రెండుసార్లు టకటకా నొక్కింది. తెర మీద పుస్తకం తెరుచుకుంది. ఎవరో పట్టుకున్నట్టు వెనక్కి చూసింది. ఎవరో ఉన్నారు కూడా! బడంతా ప్రశ్నలపిట్ట అని పిలిచే ఏడో తరగతి పిల్ల, నోరు తెరుచుకుని.

"అవ్వా! నీకు చదవడం వచ్చా?"

"నెమ్మదిగా మాట్లాడు. ఎవరికీ చెప్పకు."

"చెప్పను. మరి నేను కూడా చూడొచ్చా? మా తమ్ముడు తెల్లారితే చాలు తుమ్ముతాడు, ఎందుకో చూడాలి."

మూడో రోజుకు ఎనిమిది మంది. వారానికి పన్నెండు కంప్యూటర్లకూ ముసుగులు తొలిగాయి. ఎనిమిది ఇరవైకి మళ్ళీ ఒక్క మడత తేడా లేకుండా కప్పేవాళ్ళు. గ్రహాలు, గుండెకాయ, వంతెనలు, తుమ్ములు, అన్నీ ఆ గంటలోనే తెలిసిపోతుంటే, నిబంధనల కింద ఒక్క ప్రశ్నా దాఖలు కాలేదు. "చూశారా! విజ్ఞానం వచ్చిందో లేదో, పిల్లలకు సందేహాలే పోయాయి!" అని ప్రధానోపాధ్యాయుడు పొంగిపోయారు.

తాళాలమ్మ పని మాత్రం తెమల్లేదు. పేరు తెలిస్తే కదా వెతకడం! "తోక చీలిన పిట్ట" అని ఒక్కో అక్షరమూ నొక్కితే, అలాంటిదేదీ లేదంది. ఇక పిట్టల పట్టిక పట్టుకుని ఒక్కొక్కటీ తెరిచి బొమ్మ చూడటమే. రోజుకు యాభై అరవై. ప్రపంచంలో ఇన్ని పిట్టలుంటాయని ఆమె కలలో కూడా అనుకోలేదు. ఏ పిట్ట చూసినా మెడ దగ్గర మచ్చ ఉండేది కాదు, మచ్చ ఉంటే తోక చీలేది కాదు.

ఈలోగా బీరువాలోని విజ్ఞానం వాసన వెయ్యడం మొదలుపెట్టింది.

"ఏమిటో సార్, ఈ గదిలో..." అని పెద్ద గుమాస్తా ముక్కు మూసుకున్నాడు.

"తెలుసు. విజ్ఞానం ఒకచోట అంత కిక్కిరిసి ఉంటే వేడెక్కుతుంది. అగరొత్తులు వెలిగించు."

తర్వాత చీమలు వచ్చాయి. గుమ్మం నుంచి బీరువా దాకా క్రమశిక్షణగా బారు తీరాయి. ఆ బీరువా దగ్గరికి పిల్లలు రాకపోయినా చీమలైనా వచ్చాయని తాళాలమ్మ సంతోషించింది.

నెలాఖరు వచ్చింది. ఆ పొద్దున చూరు కింది పిట్టలు గూడు వదిలి కరెంటు తీగ మీద వరసగా కూర్చున్నాయి. అలా కూర్చున్నాయంటే ఇక వెళ్ళిపోయే రోజే. పట్టికలో ఇంకా నలభై పేర్లు మిగిలాయి. తెరవబోతుండగా గేటు దగ్గర జీపు ఆగింది. తనిఖీ అధికారి! మధ్యాహ్నం రావలసిన మనిషి పొద్దున్నే ఊడిపడ్డాడు. పిల్లలు ముసుగులు కప్పి ఎటు వాళ్ళు అటు పరుగెత్తారు.

"ఇదీ సార్ మా కంప్యూటర్ల గది. ఆరేళ్ళయినా ఒక్క గీత పడలేదు," అని ప్రధానోపాధ్యాయుడు గర్వంగా చూపించారు.

"బాగుంది. విజ్ఞానమో?"

"ముద్ర వేసి ఉంచాం సార్. మీ చేతుల మీదుగానే విప్పాలని."

బీరువా తెరిచారు. లక్క పగిలింది. రిబ్బను ఊడింది. మూత లేచింది.

డబ్బా అంచులు దాటి పచ్చగా, నల్లగా, బొచ్చు బొచ్చుగా ఏదో పొంగి ఉంది. పెద్ద గుమాస్తా కిటికీ దగ్గరికి పరుగెత్తాడు.

"ఇది... ఇదేమిటండీ?" అన్నారు అధికారి, రుమాలులోంచి.

ప్రధానోపాధ్యాయుడి ముఖం సున్నం కొట్టినట్టయింది. అయినా అలవాటు అలవాటే. "తమకు తెలియనిదేముంది సార్..." అన్నారు.

అధికారి చిక్కున పడ్డారు. తెలియదంటే పరువేం కావాలి? "తెలుసు, తెలుసు," అన్నారు.

గుమ్మం దగ్గర ప్రశ్నలపిట్ట చెయ్యెత్తింది. "సార్, అది బూజు! అలాంటి బూజులోంచే ఒక డాక్టరు గొప్ప మందు కనిపెట్టాడు. ఆయన కూడా గిన్నెలు కడగడం మర్చిపోయాడు సార్, మనలాగే!"

"భేష్! ఎక్కడ చదివావమ్మా?"

పిల్ల తాళాలమ్మ వైపు చూసింది. తాళాలమ్మ నేల వైపు చూసింది.

"విజ్ఞాన సర్వస్వంలో సార్," అంది పిల్ల. అందులో అబద్ధమేముంది?

అధికారి సందర్శకుల పుస్తకంలో ఇలా రాశారు: "ఈ బడిలో విజ్ఞానం దినదినమూ పెరుగుతోంది. స్వయంగా చూశాను. ప్రతి బడిలోనూ ఇలాంటి ముద్ర వేసిన పెట్టె ఉండాలని ఉత్తర్వు జారీ చేయిస్తాను." రాసి, గాలి కోసం జీపెక్కారు.

మధ్యాహ్నం వీడ్కోలు సభ. "చదువు లేకపోయినా చదువుల గుడిని కాపాడిన మన తాళాలమ్మ!" అన్నారు ప్రధానోపాధ్యాయుడు. చప్పట్లు మోగాయి. పెద్ద గుమాస్తా పదవీ విరమణ కాగితమూ, వేలిముద్రకు సిరా డబ్బానూ తెచ్చాడు. తాళాలమ్మ డబ్బా పక్కకు జరిపి, కలం అడిగి, గుండ్రటి అక్షరాలతో సంతకం చేసింది. అరపేజీ కాగితం చదివి, తేదీ తప్పుంటే అది కూడా దిద్దింది.

సభ చెదిరాక ఆమె తాళాల గుత్తి అప్పగించకముందు మూడో నంబరు గదికి వెళ్ళింది. నలభై పేర్లు. కొంచెంసేపటికి ప్రధానోపాధ్యాయుడు లోపలికొచ్చి, వరండా అటూ ఇటూ చూసి, తలుపు మూశారు.

"ఆ పెట్టెలో ఉన్నది అన్నమని నీకు ముందే తెలుసా?"

"తెలుసయ్యా. రెండుసార్లు చెప్పబోయాను. మీకు తెలుసన్నారు."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. వెలుగుతున్న తెర వంక చూశారు. గొంతు తగ్గించారు. "తాళాలమ్మా... ఇది... ఎక్కడ నొక్కి తెరుస్తారు?"

ఆరేళ్ళ ముసుగు ఎందుకో అప్పుడు అర్థమైంది ఆమెకు! నవ్వలేదు. ఆయన వేలు పట్టుకుని మౌసు మీద పెట్టింది. "ఇదిగో, రెండుసార్లు టకటకా. పిట్టల పట్టికయ్యా ఇది. కిందకి రండి. ఒక్కొక్కటే."

ముప్పై ఒకటో పేరు మీద ఆయన వేలు నొక్కింది. మెడ దగ్గర ఇటుకరంగు మచ్చ. చీలిన తోక.

"ఇదేనయ్యా! ఇదే!"

తాళాలమ్మ పైకి చదివింది. వేల మైళ్ళు పోతాయట. ఎడారులు దాటి, సముద్రాలు దాటి. ఏడాది తిరిగాక పోయినవే మళ్ళీ వచ్చి పాత గూటికే చేరతాయట, పోయినేటి మట్టికే కాస్త కొత్త మట్టి అద్దుకుని. అక్కడ ఆపి, కొంగుతో తెర తుడిచింది. తెర శుభ్రంగానే ఉంది. అక్షరాలు నల్లబల్ల మీది రాతలా చెరిగిపోలేదు.

ప్రధానోపాధ్యాయుడు "తెలు..." అని మొదలుపెట్టి ఆగిపోయారు. కిటికీలోంచి తీగ వంక చూశారు. తీగ ఖాళీగా ఉంది.

"అంత దూరం పోయి మళ్ళీ ఇదే చూరు కిందికా? దారి ఎలా తెలుస్తుంది వాటికి?" అన్నారు. ఆయన సర్వీసులో వేసిన మొదటి ప్రశ్న అది!

తాళాలమ్మ లేచి, తాళాల గుత్తి ఆయన ముందు పెట్టింది.

"మూడు ప్రతుల్లో రాసి ఇవ్వండయ్యా. పరిశీలిస్తాం."

ప్రధానోపాధ్యాయుడు కలం కోసం జేబు తడుముకున్నారు.