ఆరంభం గారి కెమెరా

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది కానీ, అది కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. ఇంట్లోనూ వీధిలోనూ ఆయన ఆరంభం గారే. దేన్నయినా మొదలుపెట్టడంలో ఆయన్ని మించినవాడు లేడు. ముగించడం మాత్రం ఇంతవరకు ఎవరూ చూడలేదు. మంచం కింద తీగలు తెగిన గిటారు, మేడ మీద చేపలు లేని గాజుతొట్టి, తలుపు వెనక తడిబట్టలు ఆరేసే వ్యాయామ సైకిలు ఆయన శౌర్యానికి సాక్ష్యాలు.

అలాంటి మనిషి ఒక ఆదివారం మధ్యాహ్నం చంకలో పెట్టెతో, ముఖం నిండా అమాయకత్వంతో ఇంటికి వచ్చారు. ముందుగదిలో భార్య పిల్లల గౌను ఒకటి కుడుతోంది. భర్త ముఖంలో అమాయకత్వం కనిపించగానే ఆవిడ కాలు మిషను మీద ఆగిపోయింది.

"ఏంటది?"

"నీ కోసమే."

"నా కోసం తెచ్చింది మీ చంకలో ఎందుకుంది?"

ఆరంభం గారు పెట్టె విప్పి, నల్లటి కెమెరాను పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తారు. దాంతోపాటు రెండు లెన్సులు కూడా వచ్చాయి.

"నువ్వు కుట్టే గౌన్లకి మంచి ఫొటోలు కావాలని బట్టల షాపావిడ అడుగుతోందా లేదా? స్టూడియో వాడి కాళ్లు పట్టుకోవడం ఎందుకు, ఇంట్లో నేనుండగా? చూడు, దీనికి లెన్సు మార్చుకోవచ్చు. నచ్చకపోతే ఇది తీసేసి అది పెట్టుకోవడమే!"

"మార్చుకునే వీలుంటే ఈ ఇంట్లో లెన్సు కంటే ముందు మార్చాల్సినవి ఉన్నాయి," అంది ఆవిడ, ఆయన్ని పైనుంచి కిందిదాకా చూస్తూ.

కూతురి దగ్గరే ఉంటున్న అత్తగారు గుండీల డబ్బా ముందేసుకుని, నవ్వు కనిపించకుండా తల బాగా వంచారు.

"షాపువాళ్లు ఎన్నాళ్లలోపు వెనక్కి తీసుకుంటారు?" అని అడిగింది భార్య.

"పదిహేను రోజులు. అయినా ఇవ్వడం ఎందుకే?"

"వచ్చే వారం కాక ఆపై ఆదివారం షాపావిడ వస్తుంది. కొత్త గౌన్ల ఫొటోలు మీరే తీసి చూపించండి. ఆవిడ మెచ్చితే కెమెరా ఉంటుంది. మెచ్చకపోతే మర్నాడు పొద్దున్నే పెట్టెలో పెట్టి, ఎక్కడ తెచ్చారో అక్కడ ఇచ్చేసి వస్తారు."

ఆరంభం గారు కెమెరాను ఇంకాస్త దగ్గరికి హత్తుకున్నారు. కెమెరా సంగతి అప్పుడే ఆఫీసంతా చాటేశారు. అదీ కాక, మీట నొక్కగానే వచ్చే ఆ టక్కుమనే చప్పుడు ఆయనకు నిజంగానే నచ్చింది. గిటారు కూడా అంత నచ్చలేదు.

"ఇంకో మాట. పెట్టెలో వచ్చిన ఆ పుస్తకం రోజూ నా ముందే కూర్చుని పైకి చదవాలి. మనసులో చదివితే చదివారో కునికారో నాకెలా తెలుస్తుంది?"

అలా మొదలైంది చదువు. ఆఫీసు నుంచి రాగానే ఆరంభం గారు మిషను పక్కన కుర్చీ వేసుకుని, కెమెరాతో వచ్చిన లావుపాటి పుస్తకాన్ని గొంతెత్తి చదివేవారు. చదవడంతో ఆగితే ఆయన ఆరంభం గారు ఎందుకవుతారు? ప్రతి వాక్యానికీ సొంత వ్యాఖ్యానం జోడించేవారు.

"ఎపర్చర్ అంటే లెన్సు కన్ను అనుకో. అంకె చిన్నదైతే కన్ను పెద్దగా తెరుచుకుంటుంది. అంకె పెద్దదైతే కన్ను చిన్నదవుతుంది."

"ఇదేం తిరకాసు?"

"అదే శాస్త్రం! కన్ను పెద్దగా తెరిస్తే ముందున్నది స్పష్టంగా వస్తుంది, వెనకున్నదంతా మసకైపోతుంది."

"కోపంలో నాకూ అంతే," అంది భార్య దారం కొరుకుతూ.

"ఆటో అని ఒకటుంది. అన్నీ కెమెరానే చూసుకుంటుంది. దాని జోలికి మాత్రం నేను పోను. ఆటోలో తీయడమంటే పక్కవాళ్లు కలిపిపెడితే తినడమే."

"ఇన్నేళ్లుగా మరి ఎవరు కలుపుకుని తిన్నారో," అన్నారు అత్తగారు గుండీలతో.

బుధవారం మొదటి ప్రయోగం జరిగింది. నీలం గౌను పట్టుకుని అత్తగారు గోడ దగ్గర నిలబడ్డారు. లెన్సు మార్చేటప్పుడు లోపలికి దుమ్ము పోకూడదని పుస్తకంలో ఉంది కాబట్టి ఆరంభం గారు కిటికీలు మూయించి, ఫ్యాను ఆపించి, దుప్పటి ముసుగేసుకుని అందులో లెన్సు మార్చారు. లోపల ఏదో కిందపడిన చప్పుడైంది. "ఏం లేదు, మూతే," అని దుప్పటి జవాబు చెప్పింది. ఆయన బయటికి వచ్చేసరికి ముగ్గురికీ చెమటలు కారిపోతున్నాయి.

పావుగంట చక్రాలు తిప్పాక ఒక ఫొటో వచ్చింది. అందులో గౌను మెడ దగ్గర గుండీ ఒక్కటే అద్భుతంగా, రంధ్రాలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది. గౌను, గోడ, అత్తగారు అంతా పొగమంచులో కలిసిపోయారు.

"నేను అమ్మేది గౌనా, గుండీనా?" అంది భార్య.

"కళ అంటే అదేనోయ్!"

రెండో ఫొటో కోసం షట్టరు నెమ్మది చేశారు. తలుపు తెరిచి మూసేంతసేపు కెమెరా కన్ను తెరుచుకునే ఉంటుందనీ, ఎవరూ కదలకూడదనీ హెచ్చరించారు. సరిగ్గా అప్పుడే అత్తగారికి తుమ్ము వచ్చింది. ఫొటోలో ఆవిడకి రెండు తలలు వచ్చాయి.

"ఒక్క తలతోనే మీ ఇంట్లో నెగ్గుకురాలేకపోతున్నాను అల్లుడు గారూ," అన్నారావిడ ఫొటో చూసి.

"వెలుగు బాగాలేదు అత్తయ్య గారూ. గోడ రంగు కూడా మంచిది కాదు."

"ఆడలేక మద్దెల ఓడు అన్నారట," అంది భార్య, గౌను లాక్కుని ఇస్త్రీ చేయడానికి పోతూ.

ఆ తర్వాతి ఆదివారం కూడా పాఠం జరిగింది. ముఖ్యమైన షూటింగుకు ముందు కెమెరాలో ఫొటోలు దాచే కార్డులో ఉన్నదంతా చెరిపేసి, ఖాళీ కార్డుతో మొదలుపెట్టాలని ఆయన గట్టిగా చెప్పారు. చెప్పి చెప్పి అలసిపోయి, భోజనం కాగానే సోఫాలో ఒరిగి సాయంత్రం దాకా నిద్రపోయారు. గురువులకు విశ్రాంతి అవసరం.

పరీక్ష రోజు రానే వచ్చింది. పొద్దున్నే ఆరంభం గారు జేబులున్న కోటు తొడుక్కున్నారు. ఆ జేబుల్లో పెట్టడానికి ఏమీ లేకపోయినా, నిండుగా కనబడాలని చేతిరుమాళ్లు కుక్కారు. అత్తగారు కొత్త గౌన్లు ఒక్కొక్కటీ పట్టుకుని నిలబడుతుంటే ఆయన వంగి, మోకాళ్ల మీద కూర్చుని, ఒకసారి బల్ల కిందికి దూరి కూడా తీశారు. తీసిన ప్రతి ఫొటో తెరమీద ఒక్క క్షణం మెరిసి మాయమయ్యేది.

"ఆ మూలన ఎర్రగా ఏదో కొట్టుకుంటోంది అల్లుడు గారూ, ఏంటది?" అని అడిగారు అత్తగారు.

"ఎక్కువ పని చేస్తుంటే కెమెరా అలా ఉత్సాహపడుతుంది."

భార్య చేతిలో ఏదో పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఏమండీ, ఒక్క మాట..."

"ష్! కెమెరా దగ్గర మాట్లాడకు. ఏకాగ్రత పోతుంది."

"అది కాదు, ఇదిగో..."

"ఏదైనా సాయంత్రమే!"

ఆవిడ ఒక్క క్షణం నిలబడి చూసి, సరే అని వెళ్లిపోయింది. పెళ్లయి ఇన్నేళ్లయినా, ఆవిడ అంత తేలిగ్గా సరే అంటే భయపడాలని ఆయనకు ఇంకా తెలియదు.

సాయంత్రం బట్టల షాపావిడ వచ్చింది. మాట తక్కువ, చూపు ఎక్కువ మనిషి. సోఫాలో కూర్చుని, "చూపించండి," అంది. ఆరంభం గారు కెమెరాకి తీగ తగిలించి టీవీకి కలిపారు. ఒక చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చి మీట నొక్కారు.

టీవీ నల్లగా ఉంది. దాని మధ్యలో తెల్లటి అక్షరాలు: కార్డు లేదు.

ఆరంభం గారు మళ్లీ నొక్కారు. తీగ పీకి మళ్లీ పెట్టారు. టీవీ వీపు మీద ఒకటి చరిచారు. కార్డు లేదనే విషయంలో టీవీకి ఏ అనుమానమూ లేదు. పొద్దుటి నుంచి ఎర్రగా కొట్టుకున్నది ఉత్సాహం కాదని, కార్డు లేకుండానే రోజంతా ఫొటోలు తీశానని ఆయనకు అప్పుడు వెలిగింది. మర్నాడు పొద్దున్న కెమెరాను పెట్టెలో పెట్టుకుని వీధిలో నడుస్తున్న తన వీపు ఆయన కళ్లకు కట్టింది. చెప్పొద్దూ, ఏడుపొచ్చినంత పనైంది.

"ఉండండి," అంటూ భార్య లేచి, సూదుల డబ్బాలోంచి గోరంత కార్డు తీసి కెమెరాలో దూర్చింది.

టీవీ నిండా గౌను! గులాబీ రంగు గౌను, కిటికీ పక్కన హ్యాంగరుకి వేలాడుతోంది. లేసు అల్లిక, అంచు కుట్టు అన్నీ చేత్తో తాకవచ్చు అన్నట్టున్నాయి. షాపావిడ ముందుకు వంగింది.

"బాగుంది. ఎవరు తీశారు?"

ఆరంభం గారికి సంగతి అర్థం కాలేదు. అర్థం కానప్పుడు ఊరుకుంటే ఆయనతో గొడవే లేదు. గొంతు సవరించుకున్నారు.

"ఏదో, మాకు తెలిసినంతలో. దీనికి కన్ను కొంచెం పెద్దగా తెరిచాను. వెలుగు పక్కనుంచి పడేలా చూసుకున్నాను. చాలా కష్టపడ్డాను లెండి."

"తర్వాతది చూపించండి."

భార్య మీట నొక్కింది. పసుపు గౌను, కుర్చీ మీద పరిచి ఉంది. దాని వెనకాల, సోఫాలో, అందమైన మసకలో ఒక మనిషి నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఎంత మసకగా ఉన్నా ఆ నోరు ఎవరిదో చెప్పడానికి జేబుల కోటు అవసరం లేదు.

అత్తగారు టీవీ దగ్గరికి జరిగి చూసి అడిగారు: "నిద్రలో కూడా తీస్తారా అల్లుడు గారూ?"

ఆరంభం గారు తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయారు. షాపావిడ మొదటిసారి నవ్వింది. నవ్వుతూనే మిగతా ఫొటోలన్నీ చూసి, గౌన్లన్నీ తీసుకుంటానని చెప్పింది.

ఆవిడ సంచిలో గౌన్లు సర్దుతుండగా ఆయన భార్యను వంటింట్లోకి లాగారు.

"నువ్వెప్పుడు నేర్చుకున్నావే?"

"మీరు రోజూ చదివి చెప్పారుగా. ఆ పుస్తకం నేను చదవబోతే మొదటి పేజీలోనే తల తిరిగింది. మీరైతే నమిలి నోట్లో పెట్టారు. మీరు ఆఫీసుకెళ్లాక రోజూ తీశాను, మొన్న ఆదివారం మీరు నిద్రపోతుంటే కూడా తీశాను."

"మరి కార్డు?"

"షూటింగుకి ముందు అంతా చెరిపేయాలన్నారుగా. నావి పోతాయని తీసి దాచాను. ఖాళీ కార్డు ఒకటి కొనుక్కొచ్చి మీకిద్దామనే గుమ్మంలోకి వచ్చాను. ఏకాగ్రత అన్నారు."

"అయితే కెమెరా వెనక్కి ఇచ్చేద్దామనడం..."

"అలా అనకపోతే మీరు రెండో పేజీ దాటేవారా? కెమెరా కావాలని మీకంటే నాకే ఎక్కువ ఉంది. అడిగితే లక్ష వంకలు చెబుతారని అడగలేదు. మీ అంతట మీరే కొనుక్కొచ్చారు, మహానుభావులు."

పన్నిన పన్నాగం తనదో ఆవిడదో ఆరంభం గారికి తేలలేదు. అయినా కెమెరా ఇంట్లోనే ఉంటుందన్న ఒక్క మాట పట్టుకుని ముఖం వెలిగింది. "అయితే ఇక వెనక్కి ఇవ్వక్కర్లేదుగా?"

ఆవిడ జవాబు చెప్పేలోపు ముందుగదిలోంచి షాపావిడ పిలిచింది. "మా షాపులో ఇంకా చాలా బట్టలున్నాయమ్మా. వచ్చే ఆదివారం వచ్చి ఫొటోలు తీస్తావా? సాయానికి ఎవరైనా మనిషి ఉన్నారా?"

"ఉన్నాడండీ. కాస్త ఎక్కువ మాట్లాడతాడు కానీ, నిలబడమంటే నిలబడతాడు."

ఆదివారం షాపులో కిటికీ పక్కన ఆరంభం గారు తెల్లటి దుప్పటి రెండు చేతులతో ఎత్తి పట్టుకుని నిలబడ్డారు. వెలుగు దాని మీద పడి గౌన్ల మీదికి మెత్తగా జారుతోంది. చేతులు లాగుతున్నాయి. ఉండబట్టలేక నోరు విప్పారు.

"ఏమోయ్, అంకె కొంచెం తగ్గిస్తే..."

"కదలకండి," అంది ఆవిడ కెమెరాలోంచి కన్ను తీయకుండా. "మాట్లాడితే దుప్పటి వణుకుతోంది."

ఆయన ఊపిరి బిగబట్టారు. టక్కుమని చప్పుడైంది.