ఫ్యామిలీ ఉంటేనే రూము

సిద్దిపేట పట్టణంలో మహిళల భద్రతకు విశేష కృషి చేసినందుకు గాను, అఖండ సౌభాగ్య ఫ్యామిలీ రెసిడెన్సీ యజమాని శ్రీ ఓంప్రకాశ్ గారిని మా పౌర సన్మాన కమిటీ గత ఆదివారం ఘనంగా సత్కరించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఆయన లాడ్జి తెరిచిన నాటి నుంచి నేటి వరకు అందులో ఒంటరి మహిళ ఎవరికీ ఎలాంటి అసౌకర్యమూ కలగలేదు. ఒంటరి మహిళను ఎవరినీ ఆయన లోపలికి రానివ్వలేదు మరి. ఇంతటి పకడ్బందీ ఏర్పాటు ప్రభుత్వాల వల్ల కూడా కాలేదని ముఖ్య అతిథి వేదిక మీదనే ఒప్పుకున్నారు.

ఫ్యామిలీ అన్న మాట గురించి ఇక్కడ కొంత వివరణ అవసరం. మన దిక్కు ఫ్యామిలీ అంటే భార్య. "ఫ్యామిలీ మంచిగున్నదా?" అంటే ఆమె ఆరోగ్యం అడిగినట్టు. "ఫ్యామిలీని తీస్కరాలేదా?" అంటే ఆమె ఎందుకు రాలేదని అడిగినట్టు. ఇంతవరకు మీకూ తెలుసు. ఓంప్రకాశ్ గారు కనిపెట్టిన సూక్ష్మం ఏమిటంటే, ఈ ఫ్యామిలీ భర్త పక్కన నిలబడినంతసేపే ఫ్యామిలీ. ఆయన సిగరెట్ల కోసం సందు మలుపు తిరిగాడో లేదో, ఆమె ఫ్యామిలీ కాకుండా పోతుంది. ఉత్త లేడీస్ అవుతుంది. ఆయన తిరిగొచ్చేదాకా ఆమె రిసెప్షన్‌లో నిలబడాల్సిందే. మెట్లెక్కడానికి వీల్లేదు.

ఇక మేనేజర్ వెంకటేశ్ సంగతి. మనిషి ముఖం చూసి గుణం చెప్పేవాళ్లను మీరు చూసి ఉంటారు. వెంకటేశ్ కాళ్లు చూసి చెబుతాడు. తోలు బూట్లు వస్తే గదులు ఖాళీగా ఉంటాయి. హవాయి చెప్పులు వస్తే అదే క్షణంలో అన్నీ నిండిపోతాయి. గడ్డం కాస్త పొడుగ్గా ఉన్నవాళ్లు వస్తే గదులకు రంగులు వేయిస్తుంటారు. ఇన్నేళ్లుగా రంగులు వేయిస్తున్నా ఆ గోడలకు సున్నం చుక్క తగిలిన దాఖలా లేదు గానీ, అది వేరే విషయం.

లోపలికి వెళ్లగలిగిన అదృష్టవంతులకు సౌకర్యాలు కూడా తక్కువేమీ కాదు. చెరువు కనిపించే గదులున్నాయి. బాత్‌రూములో బకెట్ బోర్లించి, దాని మీదెక్కి, వెంటిలేటర్‌లోంచి మెడ బయటికి పెడితే కోమటి చెరువు నిజంగానే కనిపిస్తుంది. ప్రతి గదిలో గీజర్ ఉంది. దాని స్విచ్ మాత్రం వెంకటేశ్ కుర్చీ వెనక ఉంది. సబ్బు అడిగితే, "ఇంటికాడికెంచి తెచ్చుకోలేదా?" అని ఆప్యాయంగా విచారిస్తారు. రాత్రి కాగానే ఇనుప గేటుకు తాళం వేసి, వాచ్‌మన్ మల్లయ్య ఆ తాళంచెవిని మొలతాడుకు కట్టుకుంటాడు. ఫ్యామిలీల మీద అంత శ్రద్ధ.

నేను రోజూ సాయంత్రం ఆ లాడ్జి సోఫాలోనే కూర్చుంటాను. చదివే పేపరు వాళ్లదే, తాగే చాయ్ వాళ్లదే. కాబట్టి నా మాటల్లో పక్షపాతం ఉంటుందని ఎవరూ శంకించనవసరం లేదు.

ఇంత సలక్షణంగా నడుస్తున్న సంస్థలోకి పోయినేడు ఒకనాటి సాయంత్రం దుబ్బాక అవతలి ఊరి నుంచి విజయరాణి అనే చేనేత కార్మికురాలు, ఆమె కూతురు నవత వచ్చారు. ఇద్దరివీ హవాయి చెప్పులే. మర్నాడు పొద్దున నవతకు సర్కారు కొలువు పరీక్ష. ఈ పరీక్షకు నిమిషం నిబంధన ఉంది. నిమిషం ఆలస్యమైతే గేటు మూస్తారు, తర్వాత తల బాదుకున్నా తీయరు. అంతకుముందు పరీక్షకు పొద్దున బస్సెక్కి వస్తే దారిలో టైరు పంక్చరైంది. నవత పరుగెత్తుకుంటూ వచ్చేసరికి గేటు ఆమె ముక్కు ముందే మూసుకుంది. మళ్లీ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో బ్రహ్మదేవుడికే తెలియదు. అందుకని ఈసారి ముందునాడే వచ్చి పట్నంలో గది తీసుకుని పడుకుందామని తల్లీకూతుళ్లు ఆలోచన చేశారు. ఆలోచన మంచిదే. ఆలోచించేటప్పుడు వెంట ఒక మగవాణ్ణి పెట్టుకోవాల్సింది.

వెంకటేశ్ వాళ్ల కాళ్ల వైపు చూసి అడిగాడు. "ఫ్యామిలీ ఏది?"

విజయరాణికి అర్థం కాలేదు. "ఏంది బిడ్డా?"

"ఫ్యామిలీ ఉంటెనే రూమిస్తం."

"నేను తల్లిని. గిది నా బిడ్డ. మేము ఫ్యామిలీ కాకపోతె మరేమైతం?"

"మీరు లేడీస్ అయితరు," అన్నాడు వెంకటేశ్, ఏ మాత్రం తడుముకోకుండా.

నవత ఆధార్ కార్డులు తీసి బల్ల మీద పెట్టింది. వెంకటేశ్ వాటిని తిప్పి చూసి ఇంకో నేరం కూడా పట్టుకున్నాడు. "మీది సిద్దిపేట జిల్లానే గదా? లోకలోళ్లకు ఇయ్యం. సొంత జిల్లల రూమెందుకు మీకు?"

"బయటి జిల్లావాళ్లమైతే ఇస్తుంటిరా సార్?" అంది నవత.

"బయటి జిల్లలకెంచి ఆడోళ్లు ఒక్కలే ఎందుకొస్తరు? వాళ్లకు అసలే ఇయ్యం."

న్యాయం ఇద్దరికీ సమానంగా ఉండటం గమనించారు కదా. నేను పేపరు మడిచి పక్కన పెట్టాను, మాటలు బాగా వినిపించడానికి.

విజయరాణి భర్త సారయ్య మహారాష్ట్రలోని భివండిలో పవర్‌లూమ్ మీద పనిచేస్తాడు. నవత ఆయనకు వీడియో కాల్ చేసి ఫోను వెంకటేశ్ ముఖానికి పెట్టింది. మగ్గాల రొదలో ఆయన గొంతు చించుకున్నాడు. "సార్, ఆమె నా పెండ్లామే సార్! గా పిల్ల నా బిడ్డ! పొద్దుగాల పరీచ్చ ఉన్నది, జర జాగియ్యుండ్రి సార్!"

"ఫోన్ల కనవడితె నడ్వదు. ఒరిజినల్ మనిషి రావాలె," అన్నాడు వెంకటేశ్.

అప్పుడు లోపలి గదిలోంచి ఓంప్రకాశ్ గారే బయటికి వచ్చారు. ఆయన మామూలు మాటలు మాట్లాడరు. నలుగురు కనిపిస్తే ఉపన్యసిస్తారు. "అమ్మా, స్త్రీ అంటే నాకు దేవతతో సమానం. మీరు మా లాడ్జిలో దిగితే లోకం ఏమనుకుంటుంది? ఆ మాట మీ మీద పడకూడదనే గది ఇవ్వడం లేదు. ఇది మీ గౌరవం కోసం నేను చేస్తున్న త్యాగం." అని సెలవిచ్చి, ఆ త్యాగానికి తానే కాస్త చలించి, కళ్లద్దాలు తుడుచుకున్నారు.

సరిగ్గా అదే సమయంలో జగిత్యాల దిక్కు నుంచి కోర్టు వాయిదాకు వచ్చిన రాజమల్లయ్య అనే పెద్దమనిషి కూడా గది కోసం నిలబడి ఉన్నాడు. ఆయనవీ చెప్పులే. ఆయనకు కూడా గది లేదు, ఎందుకంటే ఆయన బ్యాచిలర్.

"నేను బ్యాచిలర్ ఏందయ్యా? నాకు మనుమలున్నరు," అన్నాడు ఆయన, పాపం.

"గీడున్నరా? లేరు గదా. అయితె బ్యాచిలరే."

ఇక్కడే వెంకటేశ్‌లోని మేధావి మేలుకున్నాడు. ఒక వైపు మగదిక్కు లేని ఆడవాళ్లు, ఇంకో వైపు ఆడదిక్కు లేని మగవాడు. అతను యజమాని చెవిలో ఏదో ఊదాడు. యజమాని ముఖం వెలిగిపోయింది. అప్పుడు వెంకటేశ్ బయటికే అన్నాడు. "ఒక పని జెయ్యుండ్రి. ముగ్గురు గలిసి ఒక్కటే రూము తీస్కోండ్రి. ఫ్యామిలీ అని రాస్కుంట. రూలుకు రూలు, మీకు రూముకు రూము."

రాజమల్లయ్య రెండు చెంపలూ వాయించుకున్నాడు. "రామ రామ! చెల్లె, నాకేం తెల్వదు, మాఫ్ చెయ్యి తల్లీ!"

విజయరాణి ఓంప్రకాశ్ గారి వైపు తిరిగింది. "తల్లి బిడ్డ ఒక్క రూముల పంటె మీ ఇజ్జత్ పోతది. ముక్కు మొఖం తెల్వని మొగోనితోని పంటె మీ ఇజ్జత్ నిలవడ్తది. గంతేనా సేటూ? మొగోడైతె సాలు, ఎవ్వడైనా సరేనా?"

చూశారా, చదువుకోని వాళ్లతో ఇదే ఇబ్బంది. నియమాన్ని అర్థం చేసుకోరు, దాని అర్థం చెబుతారు. ఓంప్రకాశ్ గారు చాలా నొచ్చుకున్నారు.

తల్లీకూతుళ్లు సంచులు ఎత్తుకుని వెళ్లిపోయారు. పట్నంలో వాళ్లకు ఎరిగినవాళ్లు లేక కాదు. రెండిళ్ల తలుపులు తట్టారట. ఒక ఇంట్లో చుట్టాలున్నారు, ఇంకో ఇంట్లో పిల్లలకు జ్వరాలు. "ఊరంత సుట్టాలే, ఉట్టి కట్ట జాగలేదన్నట్టుంది," అనుకుంటూ విజయరాణి బిడ్డను బస్టాండుకు తీసుకుపోయింది. అక్కడ ఊడ్చే బాలమణి వాళ్లను చూసి ఒక మూల శుభ్రం చేసి, "గీడ పండుండ్రి, నేనీన్నే ఉంట," అంది. ఆధార్ అడగడం ఆమెకు చేతకాలేదు. రాజమల్లయ్య కాస్త దూరంలో బెంచీ మీద, వాళ్లకు వీపు పెట్టి కూర్చుని తెల్లవార్లూ కునుకుతూ కాపలా కాశాడు. నవత బస్టాండు లైటు కింద చదువుకుంది. దోమలు కూడా చదివించాయి.

అదే నాడు అఖండ సౌభాగ్యలో కామారెడ్డి నుంచి కారులో వచ్చిన బట్టల వ్యాపారి రామేశ్వర్ దిగారు. తోలు బూట్లు. పక్కన ఫ్యామిలీ సుశీలమ్మ, వెనక కూతురు సాయిప్రియ. ఆ అమ్మాయిదీ అదే పరీక్ష, అదే కాలేజీలో సెంటరు. వెంకటేశ్ లేచి నిలబడి నమస్కారం పెట్టి, చెరువు కనిపించే గది ఇచ్చాడు. గేటుకు తాళం పడింది. తాళంచెవి మల్లయ్య మొలతాడుకు చేరింది.

పొద్దున మల్లయ్య గేటు తీసి బయటికి వెళ్లి, లోపల ఫ్యామిలీలున్నాయన్న బాధ్యత గుర్తుంచుకుని మళ్లీ తాళం వేసి, గడ్డం గీయించుకోవడానికి పోయాడు. సాయిప్రియ హాల్ టికెట్ పట్టుకుని కిందికి దిగేసరికి గేటు ఇవతల ఆమె, అవతల కారు. రామేశ్వర్ అరిచారు. సుశీలమ్మ బాల్కనీలోంచి దారిన పోయేవాళ్లను పిలిచింది. వెంకటేశ్ మల్లయ్యకు ఫోన్ చేశాడు. ఫోను రిసెప్షన్ బల్ల మీదే మోగింది, చార్జింగ్‌లో ఉంది. మల్లయ్య నున్నగా మెరుస్తూ తిరిగొచ్చి, "గింత లొల్లి ఏందుల్లా?" అన్నాడు.

కారు ఎంత ఉరికితేనేం. సాయిప్రియ దిగి పరుగెత్తేసరికి కాలేజీ గేటు మూసుకుంది. ఆ పిల్ల కడ్డీలు పట్టుకుని ఏడ్చిన ఏడుపుకు రాయి కూడా కరుగుతుంది. నిమిషం నిబంధన కరగదు. పోయినసారి అదే చోట బిడ్డతో నిలబడ్డ విజయరాణికి ఆ ఏడుపు తెలుసు. నవతను అందరికంటే ముందు లోపలికి పంపి గోడ పక్కన కూర్చున్న ఆమె లేచి వచ్చి, సాయిప్రియ తల కడుపుకు అదుముకుంది. "ఏడువకు బిడ్డా. ఏడిస్తె గేటు తెర్వరు, నేను జూసిన."

రామేశ్వర్ ఆమెను అడిగారు. "మీరెక్కడ దిగిన్రమ్మా?"

"బస్టాండ్ల."

"గాడ ఏసీ రూములున్నయా?" అన్నారాయన.

ఈ ఉదంతం మొత్తం సన్మాన కమిటీ ముందు చర్చకు వచ్చింది. కొందరు ఆక్షేపణ తెలిపారు కూడా. నేనే సర్ది చెప్పాను. ఓంప్రకాశ్ గారి ఏర్పాటు ఎంత గట్టిదో ఇంతకంటే రుజువేం కావాలి? బయటి ఆడవాళ్లు లోపలికి రాలేకపోయారు, లోపలి ఆడపిల్ల బయటికి పోలేకపోయింది. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. సభలో మీరంతా ఉన్నారు. ఫ్యామిలీలను వెనక వరుసల్లో కూర్చోబెట్టి మీరు ముందు వరుసల్లో చప్పట్లు కొట్టడం వేదిక మీద నుంచి నేను చూశాను.

చివరగా ఒక చిన్న ప్రకటన. నవతకు కొలువు వచ్చింది. పోస్టింగు ఇక్కడే, మన సిద్దిపేటలోనే. ఒక్కతే ఉంటుంది కాబట్టి చిన్న గది ఏదైనా కిరాయికి చూడమని వాళ్లమ్మ నన్ను అడిగింది, నేను కమిటీ మనిషినని. మహిళల గౌరవం కోసం అంత గట్టిగా చప్పట్లు కొట్టిన మీరు గుర్తొచ్చారు. మీ ఇంట్లో పై పోర్షన్ ఖాళీ అయిందని విని నిన్న వెంటనే ఆమెను వెంటబెట్టుకుని వచ్చాను. మీ గేటు దాకా వచ్చాం. బోర్డు నేను చదవకముందే ఆ పిల్ల చదివేసింది.

"టు లెట్. ఫ్యామిలీకి మాత్రమే."

బెల్లు కొట్టకుండానే వెనక్కి తిరిగాం. మీకు ఎలాంటి అసౌకర్యమూ కలగలేదని తలుస్తాను.