కుంకుడు రసంలో నా హస్తం

మీలో ఎవరైనా బట్టల పౌడరు కంపెనీలో పనిచేస్తుంటే, అప్పుడప్పుడు ఇంటావిడ చేతులు చూస్తూ ఉండండి. నేను చూడలేదు. అందుకే ఇప్పుడు మీకిది చెప్పుకోవలసి వస్తోంది.

నేను అమ్మకాల సూపర్‌వైజర్‌ని. మా వీధి, చుట్టుపక్కల నాలుగు వీధులు నా పరిధి. మా మేనేజరు గారికి ముందు మరక కనిపిస్తుంది, ఆ తర్వాత మనిషి కనిపిస్తాడు. అందుకని ఆయన్ని భూతద్దం గారు అంటాం, ఆయన లేనప్పుడు. ప్రతి సోమవారం మమ్మల్ని వరసగా నిలబెట్టి, తలలు వంచమని, కాలర్లు మడిచి చూస్తారు. తెల్లదనం అమ్మేవాడి మెడ నల్లగా ఉంటే సరుకు ఎవడు కొంటాడన్నది ఆయన సిద్ధాంతం. పెళ్లినాడు మా ఆవిడ కూడా అంత వినయంగా తల వంచలేదు.

ఈ మధ్య ఏరియా మేనేజరు పోస్టు ఖాళీ అయింది. పోటీలో ఇద్దరం మిగిలాం. ఒకడిని నేను. రెండోవాడు కూర్చుంటే మడత పడుతుందని బస్సులో కూడా నిలబడే వచ్చే మనిషి, వాడి పేరు మాకు ఇస్త్రీ పెట్టె. ఈ నెల కాలర్లు చూసి ఎవరికివ్వాలో తేలుస్తానన్నారు భూతద్దం గారు.

సరిగ్గా ఆ వారమే మా ఆవిడ రెండు చేతులూ నా కంచం ముందు చాపింది. వేళ్ల సందుల్లో చర్మం పొరలు పొరలుగా లేచి ఎర్రగా ఉంది. పక్కనే మా చిన్నదాన్ని నిలబెట్టి మెడ మీద దద్దుర్లు కూడా చూపించింది. మా ఆవిడ బడిలో లెక్కల టీచరు. రుజువులన్నీ బల్ల మీద పెట్టాకే నోరు విప్పుతుంది.

"ఇవాళ్టి నుంచి మీ కంపెనీ పౌడరు ఈ గుమ్మం దాటి లోపలికి రాదు," అంది.

"మరి నేనో?"

"మీరు రావచ్చు. చేతులు కడుక్కుని."

మర్నాటికల్లా వంటిల్లు మా ఫ్యాక్టరీ అయిపోయింది. కుంకుడుకాయలు నానబెట్టడం, ఉడకబెట్టడం, పిసికి రసం తీసి పెద్ద గాజు జాడీలో నింపడం. బట్టలు మెత్తబడడానికి ఆఖరి నీళ్లలో కాస్త వెనిగర్. అక్కడితో ఆగితే బాగుండేది. ఒంటికి రుద్దుకునే సబ్బు పోయి శనగపిండి వచ్చింది. చంకల్లో కొట్టుకునే సెంటు సీసా పోయి, కొబ్బరి నూనెలో వంట సోడా, మొక్కజొన్న పిండి కలిపిన తెల్లటి ముద్ద వచ్చింది. ఎండకి అది కరిగిపోతోందని ఫ్రిజ్‌లో వెన్న పక్కన పెట్టింది. నేను రెండు రోజులు దాన్ని బ్రెడ్డుకి రాసుకుని తిన్నాను. ఉప్పగా ఉందని మాత్రం అన్నాను. లోపలి చెమటకి కూడా పనిచేస్తుందేమో చూద్దామంది.

ఇదంతా భరించవచ్చు. నా బెంగంతా కాలర్ గురించే. చెట్టు నుంచి రాలిన కాయ నా ఉద్యోగాన్ని నిలబెడుతుందని నమ్మడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆ మాట ఆవిడతో అనే ధైర్యం అంతకన్నా లేదు. ఆవిడతో వాదన ఏ లెక్కన మొదలుపెట్టినా చివర మిగిలే శేషం నేనే.

అందుకని ఒక ఉపాయం పన్నాను. షాపుల్లో పంచమని కంపెనీ నాకు పౌడరు శాంపిల్ పొట్లాలిస్తుంది. రోజూ వాటిలో కొన్ని టిఫిన్ డబ్బాలో దాచి తెచ్చి, ఆవిడ చూడకుండా జాడీలో గుమ్మరించి గరిటెతో కలిపేసేవాణ్ని. కుంకుడు రసానికి ఎలాగూ నురగ ఉంటుంది. ఇంకాస్త ఎక్కువైతే కాయ మంచిదనుకుంటుందని నా ధీమా.

సోమవారం వచ్చింది. భూతద్దం గారు నా కాలర్ దగ్గర ఆగి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. అందరినీ పిలిచి నా మెడ చూపించారు. ఇదీ మన పౌడరు సత్తా అన్నారు. ఇస్త్రీ పెట్టె ముఖం మీద మొదటిసారి మడత కనిపించింది.

ఇంటికొచ్చి చొక్కా చూసుకుని మా ఆవిడ వంక జాలిగా నవ్వాను. ఆవిడా నన్ను చూసి నవ్వింది. కుంకుళ్లు భలే పనిచేస్తున్నాయి కదూ అంది. అవునవును అన్నాను. ఒక ఆడమనిషి నమ్మకాన్ని చెడగొట్టకుండా కాపాడుతున్నానని లోలోపల నాకు కాస్త గర్వంగా కూడా ఉంది.

గర్వం ఎక్కువ రోజులు నిలవలేదు. మా పై వాటా ఆవిడ తీగ మీది నా చొక్కాలు చూసి ఒక సీసా రసం అడిగి తీసుకెళ్లింది. ఆవిడ ఎదురింటి టైలర్‌కి చెప్పింది. టైలరన్నవాడు కొలతలు తీసేటప్పుడు నోరు మూసుకోడు. నెలాఖరుకల్లా వీధి వీధంతా ఖాళీ సీసాలు పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. మా ఆవిడ పోస్తోంది. వీధి మొత్తానికి పోసే రసమాయె, పలచబడిపోతుందేమోనని నేను డబ్బాలో అన్నం మానేసి పొట్లాలే తెస్తున్నాను. ఇటు షాపుల వాళ్లు మా పౌడరు అడిగేవాడే లేడంటున్నారు. నా సొంత పరిధిలో నా కంపెనీ అమ్మకాల్ని నా కంపెనీ పౌడరుతోనే ముంచేస్తున్నానని అర్థమయ్యేసరికి చాలా ఆలస్యమైంది.

ఒక ఆదివారం పొద్దున్న భూతద్దం గారు చెప్పాపెట్టకుండా మా ఇంటికొచ్చారు. కూర్చోమన్నా కూర్చోకుండా చేతిసంచీ లోంచి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టారు. మా వీధిలో తిరిగే సీసాయే. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"నీ వీధిలో ఈ నెల ఒక్క పొట్లం కూడా కదల్లేదు. అంతా మీ ఇంటి సీసాయే వాడుతున్నారు," అన్నారు. "మన శాంపిల్ పొట్లాలు నీళ్లలో కలిపి పంచుతున్నావేమోనని మన ల్యాబులో పరీక్ష చేయించాను."

ఒప్పేసుకుందామని నోరు తెరిచాను. పోస్టు మాట దేవుడెరుగు, ఉన్న ఉద్యోగమైనా మిగులుతుందేమోనని ఆశ. మా ఆవిడ సరిగ్గా అప్పుడే టీ కప్పు నా చేతిలో పెట్టింది.

"ఇందులో మన పౌడరు రవ్వంత కూడా లేదు," అన్నారాయన. "ఉత్త కుంకుడు రసం."

నేను పోసిన పౌడరంతా ఏమైనట్టు? మా ఆవిడ వంక చూశాను. ఆవిడ ఆయనకి టీలో చక్కెర సరిపోయిందా అని అడుగుతోంది. ఆయన చేతులు కడుక్కోవాలంటే బాత్రూం చూపించింది. బయటికొచ్చి, నేల ఇంత తెల్లగా ఉన్న బాత్రూం తన సర్వీసులో చూడలేదన్నారాయన.

"అదంతా మా ఆయన చలవండీ," అంది మా ఆవిడ.

నాకప్పుడు అర్థమైంది.

ఇంతకీ ఈ రసం తయారుచేసేది ఎవరని అడిగారాయన. నిజం చెప్పేస్తుందని కళ్లు మూసుకున్నాను.

"ఈయనకే దీని మీద ధ్యాసండీ. ఆఫీసు నుంచి రాగానే డబ్బా కూడా కింద పెట్టకుండా తిన్నగా జాడీ దగ్గరికే వెళ్తారు," అంది.

ఒక్క అక్షరం అబద్ధం లేదు. భూతద్దం గారు నా భుజం తట్టారు. కంపెనీ కూడా ఇలాంటి సరుకొకటి దింపాలనుకుంటోందట. బుధవారం డైరెక్టర్ల ముందు నా చేత్తో చేసి చూపిస్తే ఏరియా మేనేజరు నేనేనట. చూపించలేకపోతే పోస్టు ఇస్త్రీ పెట్టెకి. నేను తల ఊపాను. కాలర్ చూపించడం అలవాటై తల దానంతటదే వంగింది.

ఆయన వెళ్లాక తలుపు వేసి అడిగాను.

"నీకెప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే. జాడీలో చెయ్యి పెట్టాను. రాత్రంతా వేళ్లు మండాయి."

కోపంగా అనలేదు. అనుంటే బాగుండేది. ఆ చేతులు నా కంచం ముందుకొచ్చిన రోజు నేను చూసింది వాటిని కాదు, నా కాలర్‌ని. మనసు చివుక్కుమంది. మండుతున్నప్పుడే నాలుగు చివాట్లు పెట్టి ఉండాల్సిందన్నాను.

"పెడితే పౌడరు తేవడం మానేసేవారు. బాత్రూం దేంతో కడిగించేది? అందుకే ఆ జాడీ దానికొదిలేసి, బట్టలకి వేరే కుండ పెట్టుకున్నాను. పని మనిషికి చీపురూ చేతి తొడుగులూ ఇచ్చాను. తను కూడా మిమ్మల్ని మెచ్చుకుంది."

"మరి నా కాలర్లు?"

"తడిపిన వంట సోడా రుద్ది, తిరగేసి ఎండలో వేశాను. ఎండ కూడా మీ కంపెనీదే అనుకున్నారా?"

బుధవారం సంగతి చూడమని బతిమాలుకున్నాను. రసం ఎలా చేస్తారో నాకు ఓనమాలు కూడా తెలియవు. ఆవిడ లోపలికెళ్లి ఒక బస్తా ఈడ్చుకొచ్చి నా ముందు పెట్టింది. కాయలు పగలగొట్టి గింజలు తీయడంతో పాఠం మొదలంది. నేను నేల మీద చతికిలబడ్డాను. ఆవిడ కుర్చీలో కూర్చుని టీ కప్పు పట్టుకుంది. వేళ్ల సందులు నున్నగా, మామూలుగా ఉన్నాయి. చూసి ప్రాణం కుదుటపడింది. బస్తా వంక చూశాక మళ్లీ కుదుటతప్పింది.

"ఇది బుధవారం వరకేగా?" అన్నాను.

"వీధికి కూడా కావాలిగా. చేసేది మీరేనని మీ మేనేజరు గారే నమ్మారు."

"ఆ మాట చెప్పింది నువ్వు."

"మీరు కాదన్నారా?"

అనలేదు. నిజంగానే అనలేదు. గుప్పెడు కాయలు తీసుకుని పగలగొట్టడం మొదలుపెట్టాను.