డాక్టర్ల కొరత తీరిన విధానం

ప్రజలకు తెలియజేయునది ఏమనగా, ఈ ఆసుపత్రిలో డాక్టర్ల కొరత సంపూర్ణముగా తీరినది.

కొత్తగా ఒక్కరినైనా చేర్చుకోకుండానే యాజమాన్యం ఈ ఘనకార్యం సాధించింది. బోర్డులు రాసే పెయింటరును పిలిపించి ప్రతి తలుపు మీదా 'డాక్టర్' అని రాయించారు, అంతే. సాయంత్రానికల్లా మందులిచ్చే ఆయన, కళ్లద్దాల నంబరు చూసే ఆయన, ఏం తినాలో చెప్పే ఆవిడ, అందరూ డాక్టర్లయ్యారు. రంగు ఆరకముందే మేనేజరు గారు సభ పెట్టి, "ఇకపై ఈ గడప తొక్కిన ప్రతి రోగికీ డాక్టరే కనిపిస్తారు. కనిపించకపోతే అది రోగి చూపులో దోషం" అని ప్రసంగించారు.

ఫిజియోథెరపీ అమ్మాయి తలుపు మీద కూడా ఆ మాట పడింది. వాళ్లింట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ఆమె. దర్జీ పని చేసే తండ్రి ఆ రాత్రే కూతురి తెల్లకోటు జేబు మీద నీలం దారంతో 'డాక్టర్' అని కుట్టి, "ఏదమ్మా, వేసుకుని ఓసారి తిరుగు" అన్నాడు. జేబు ముందువైపు ఉందన్న సంగతి మరిచి, కూతురి వీపు చూసి కూడా మురిసిపోయాడు. ఆమె పనికి వంక పెట్టేవాళ్లు లేరు. పట్టేసిన భుజాలెన్నిటినో మళ్లీ దువ్వెన పట్టేలా చేసిన చెయ్యి అది.

మర్నాడు స్కూలు బస్సు డ్రైవరు ఎడమ భుజం నొప్పని వచ్చాడు. చెయ్యి ఎత్తించింది, దించింది, తిప్పించింది. భుజం భేషుగ్గా ఉంది. మనిషికి మాత్రం చెమటలు కారుతున్నాయి.

"అన్నయ్యా, ఇది భుజం కాదు, గుండెలా ఉంది. డాక్టరు దగ్గరికి పదండి."

"మీరు చూశారుగా. ఇంకెంతమంది డాక్టర్ల చుట్టూ తిప్పుతారమ్మా? స్కూలు వదిలే వేళయింది, పిల్లలు ఎదురుచూస్తుంటారు."

చక్రాల కుర్చీలో కూలేసి కౌంటరు దగ్గరికి తోసుకెళ్లింది. అక్కడి పిల్ల కంప్యూటరు చూసి తల అడ్డంగా ఊపింది.

"రోజుకి ఒక పేషెంటుకి ఒక డాక్టరే మేడమ్. ఈయన్ని చూసేశారు. ఇంకో డాక్టరంటే రేపే."

"ఎవరు చూశారు?"

"మీరే."

హాలంతా ఇటే చూస్తోంది. ఆమె గొంతు సవరించుకుంది.

"నేను డాక్టర్ని కాను. ఫిజియోథెరపిస్టుని. నేను చూసింది కొట్టెయ్."

"మరి కోటు మీద?"

"మా నాన్న కుట్టాడు."

కంప్యూటరు ఒప్పుకుంది. డ్రైవరు బతికాడు.

యాజమాన్యం దయగలది గనుక ఆమెను తీసెయ్యలేదు. రోగికి నిజం చెప్పి సంస్థ పరువుకు భంగం కలిగించినందుకు మందలించి, ఆమె తలుపు మీద ఆ మాట గీకించి ఊరుకుంది.

కోలుకున్న కొన్నాళ్లకు డ్రైవరుకు మెడ పట్టేసింది. వచ్చి ఆమెకు చేతులెత్తి దండం పెట్టాడు.

"నా పాలిట దేవతవమ్మా. నీ మేలు ఈ జన్మలో మర్చిపోను."

ఆమె కుర్చీ చూపించింది. అతను కూర్చోలేదు.

"మరోలా అనుకోకమ్మా. ఇంట్లో ఆవిడ ఒప్పుకోవట్లేదు. మెడ కదా, డాక్టరుకే చూపించమంది."

అని చెప్పి, పక్కనే జుట్టు మొలిపించే డాక్టరు గారి గది ముందు వరసలో నిలబడ్డాడు. మెడకు అదే కాస్త దగ్గర. అప్పటికే అక్కడ మనం చాలామందిమి ఉన్నాం. జరిగి చోటిచ్చాం.