రెండు గంటల సైరన్ సభ

ఆ ఉదయం చాయ్ తాగుతూ రాయమల్లు వేసిన పథకంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మధ్యాహ్నం రెండు గంటలకు గుట్టకింది వాడ నడివీధిలో మీటింగు పెట్టాలి, అనసూర్య మాట్లాడాలి. జనం తమంతట తామే వస్తారు. బిర్యానీ అక్కర్లేదు, ఆటోలు అక్కర్లేదు, ఇంటింటికీ పోయి బతిమాలనక్కర్లేదు.

ఎందుకంటే ఆ వాడ గోదావరిఖని అంచున, ఓపెన్‌కాస్టు గని పక్కనే ఉంది. రోజూ రెండింటికి, బొగ్గు మీది బండను మందుపెట్టి పేల్చే ముందు, గనిలో బ్లాస్టింగ్ సైరన్ మోగుతుంది. అది వినగానే ఆడవాళ్లు అన్నం గిన్నెల మీద మూతలు పెట్టి, గోడలకున్న పటాలు దించి మంచం మీద పరిచి, ఇంటిల్లిపాదితో వీధిలోకి వచ్చి నిలబడతారు. పేలుడు అయ్యాక రెండో సైరన్ మోగుతుంది. అది వినేదాకా ఎవరూ గడప దాటి లోపలికి పోరు. కిందటేడు ఒకాయన తొందరపడి పోతే వంటింటి గోడ ఆయన కాలి మీద పడింది. అప్పటినుంచి వాడలో అందరూ ఒప్పుకుని పాటించే నియమం అదొక్కటే.

రాయమల్లు బొగ్గుబావిలో వయసంతా ధారపోసి రిటైరైన మనిషి. అనసూర్య బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. పగుళ్లిచ్చిన ఇళ్లకు బదులు వేరేచోట ఇళ్లు ఇప్పించమని ఇద్దరూ ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులు అరగదీసుకున్నారు. చివరికి విసిగి, కార్పొరేటర్ ఎన్నికల్లో మనమే నిలబడదామని అనసూర్య చేత స్వతంత్రంగా నామినేషన్ వేయించాడు రాయమల్లు. వచ్చిన గుర్తు ఈల. అప్పటినుంచి ఆయన మెడలో ఈల వేసుకుని ఊదుకుంటూ వాడంతా తిరుగుతున్నాడు. ఇంతవరకు క్రమం తప్పకుండా వచ్చి విన్నవి కుక్కలే. అయినా ఆయనకు ఆశ చావలేదు. ఆశ కూడా ఒక జబ్బేననీ, దానికి ఏ దవాఖానలోనూ మందు లేదనీ ఆయన భార్య సారవ్వ అభిప్రాయం.

“సైరన్‌కు భయపడి వచ్చినోళ్లు నీకు ఓట్లేస్తరా?” అని అడిగిందామె.

“ముందుగాల వినాలె కదనే. విన్నంక ఎందుకెయ్యరు?”

సారవ్వ గోడ పగులులో కుక్కిన గుడ్డను లోపలికి నొక్కింది.

రెండు కావస్తుండగా మైక్‌సెట్ ఉజైర్ ఆటో తెచ్చి వీధి మధ్య ఆపాడు. అనసూర్య బడి నుంచి వచ్చి, చీర కొంగుకు చేతులు తుడుచుకుని బల్ల ఎక్కింది. రెండయింది. రెండు దాటింది. ఏనాడూ తప్పని సైరన్ ఆ రోజే మోగలేదు. గనిలో డ్రిల్లు యంత్రం చెడిపోయి ఆ రోజుకు బ్లాస్టింగ్ మానుకున్నారని తర్వాత తెలిసింది. వీధిలో ఒక మేక తప్ప ఎవరూ లేరు. “అక్కలారా, అన్నలారా” అని మొదలుపెట్టిన అనసూర్య మేకను చూసి ఆగిపోయింది.

“కాక, దిగమంటవా?”

“ఆగు బిడ్డా. సౌండు చాలుతలేదు” అన్నాడు రాయమల్లు. ఉజైర్ పక్కసందులో చాయ్‌కి పోయాడు. రాయమల్లు ఆటోలోకి వంగి, సౌండు పెంచేది అదేననుకుని ఒక ఎర్ర మీట నొక్కాడు. అది మైక్‌సెట్టుకే ఉన్న సైరన్ మీట. నాలుగు హారన్లలోంచి సైరన్ గుట్టదాకా వినిపించింది.

ఆయన తడుముకుని దాన్ని ఆపేలోగా వాడంతా వీధిలో ఉంది. ఒకాయన సగం గీసుకున్న గడ్డంతో, సబ్బు నురుగుతో వచ్చాడు. వాడకెల్లా పెద్దదైన సమ్మవ్వను మనవళ్లు మంచంతో సహా మోసుకొచ్చారు. పొరపాటు జరిగిందని చెప్పడానికి రాయమల్లు నోరు తెరిచాడు. అప్పటికే అనసూర్య మాట్లాడుతోంది. ఇన్ని రోజుల్లో మొదటిసారి ఆమె మాట వినే మనుషులు ఎదురుగా ఉన్నారు. ఆయన నోరు మూసుకున్నాడు.

ఆమె బాగా మాట్లాడింది. కట్టుకున్న ఇంట్లో కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయిందో గుర్తుచేసింది. తనను గెలిపిస్తే కొత్త ఇళ్లు ఇచ్చేదాకా ఆఫీసు మెట్ల మీంచి లేవనంది. “మన పటాలు గోడకు ఉంటున్నయా, మంచం మీద ఉంటున్నయా?” అని అడిగితే జనం నవ్వారు. తర్వాత నవ్వు ఆపి ఒకరినొకరు చూసుకున్నారు. రాయమల్లు కళ్లలో నీళ్లు తిరిగాయి. గెలుస్తామని ఆయన మొట్టమొదటిసారి నిజంగా నమ్మింది అప్పుడే.

కానీ పేలుడు రాలేదు. పేలుడు రానిదే రెండో సైరన్ రాదు, రెండో సైరన్ రానిదే ఎవరూ ఇంట్లోకి పోరు. ఉపన్యాసం అయిపోయింది. అనసూర్య మళ్లీ మొదటినుంచి చెప్పింది. పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. గనిలో మందు పేలకుండా ఉండిపోయిందట అని ఎవరో అన్నారు. ఆ మాట వీధి చివరకు పోయి తిరిగొచ్చేసరికి, పేలని మందు వాడ కిందనే ఉందట అయింది. పోలీసు జీపు వచ్చి ఆటో పక్కనే ఆగింది. దాన్ని చూశాక నిజం చెప్పే ధైర్యం రాయమల్లుకు పూర్తిగా పోయింది.

ఇదంతా పెద్దపల్లిలో పార్టీ ఆఫీసులో ఉన్న రఘుపతికి మరోలా చేరింది. అనసూర్య మీటింగుకు వాడంతా వచ్చిందనీ, ఎండలో నిలబడి కదలకుండా వింటోందనీ ఎవరో ఫోన్ చేశారు. రఘుపతి పెద్ద పార్టీ అభ్యర్థి. బిర్యానీ పెట్టినా ఆ జనాన్ని ఆయన కాసేపైనా కూర్చోబెట్టలేకపోయాడు. వెంటనే కార్లతో బయలుదేరాడు.

వచ్చి, సంగతేమిటని అడిగాడు. సైరన్ అయింది గాని బ్లాస్టింగ్ కాలేదన్నారు. రఘుపతి తెలివైనవాడు. ఫోన్ చెవికి పెట్టుకుని అటు తిరిగి, ఇటు తిరిగి, వచ్చి అనసూర్య చేతిలోని మైకు తీసుకున్నాడు.

“పైవాళ్లతోని ఇప్పుడే మాట్లాడిన. బ్లాస్టింగ్ ఆపిచ్చిన. ఇగ మీకు ఫికర్ లేదు.”

చప్పట్లు మోగాయి. సమ్మవ్వ మంచంలోంచే రెండు చేతులూ ఎత్తి దీవించింది. రాయమల్లుకు ఒళ్లు మండిపోయింది. పోలీసులను కూడా మరిచి ఆటో ఎక్కాడు.

“గది అబద్ధం. అసలు సైరన్ గనిది కాదు, నేను మోగిచ్చిన. నమ్మకుంటే వినున్రి” అని మీట మళ్లీ నొక్కాడు.

చప్పట్ల మోతలో మాటలు వినబడలేదు గాని, సైరన్ జనం విన్నారు. అదే రెండో సైరన్ అనుకుని హాయిగా ఇళ్లలోకి పోయారు. రఘుపతి మాటకు గనివాళ్లు ఎంత జల్ది సైరన్ ఇచ్చారో అని దారిపొడవునా మెచ్చుకున్నారు. ఆటో ముందు నిలబడి రాయమల్లు చేతిని కళ్లారా చూసిన నలుగురు మాత్రం ఆగారు. ఓడిపోతామనే కడుపుమంటతో గిట్లాంటి వేషాలు వెయ్యొద్దని ఆయనకే బుద్ధి చెప్పి పోయారు.

ఆ రాత్రి అకాల వర్షం ముంచెత్తింది. ఆకాశం కూడా రఘుపతి పార్టీలో చేరినట్టుంది. గని నిండా నీళ్లు నిలిచి, పోలింగు అయ్యేదాకా బ్లాస్టింగ్ జరగలేదు. పటాలు గోడల మీదే ఉన్నాయి. ఆ గోడలకే బయటివైపు, బ్లాస్టింగ్ ఆపించిన నాయకుడంటూ రఘుపతి నవ్వుతున్న పోస్టర్లు వెలిశాయి. రాయమల్లు చివరి రోజు వరకూ ఈల ఊదుతూ తిరిగి, నిజం చెబుతూనే ఉన్నాడు. సమ్మవ్వ ఒక్కతే ఆయనను కూర్చోబెట్టి ఓపికగా వింది.

“అనసూర్య మాటలు మంచిగనే ఉన్నయి బిడ్డా. కని ఆయన పనిచేసి చూపెట్టిండు కద” అంది.

అనసూర్య చిత్తుగా ఓడిపోయింది. ఫలితాలు వచ్చిన మర్నాటికి గనిలో నీళ్లు తోడేశారు. రెండింటికి సైరన్ మోగింది. గిన్నెల మీద మూతలు పడ్డాయి, పటాలు దిగాయి, సమ్మవ్వ మంచం బయటికి వచ్చింది. వాడంతా వీధిలో నిలబడింది. రాయమల్లు ముఖం చూడటానికి ఎవరూ ఇష్టపడలేదు. అనసూర్య వచ్చి ఆయన పక్కన నిలబడింది.

“మళ్ల ఎలక్షన్లు ఎప్పుడు కాక?”

“ఐదేండ్లకు” అన్నాడు రాయమల్లు. ఎదుట నిండిన వీధిని చూసి, “అందాక మన మీటింగుకు జనం రోజూ వస్తరు బిడ్డా. రేపు బల్ల తెస్త” అన్నాడు. ఆమె నవ్వబోయింది గాని, అంతలో పేలుడుకు నేల అదిరింది.

రెండో సైరన్ మోగాక సారవ్వ లోపలికి పోయింది. గోడ పగులు పెద్దదై గుడ్డ కింద పడి ఉంది. ఆమె బయటి గోడకున్న రఘుపతి పోస్టరు ఊడదీసి, మడిచి, పగులులో కుక్కింది. కాగితం గట్టిది, సరిగ్గా పట్టింది.